బూమ్‌కు నూనె పెట్టిన దసరా

దసరా దగ్గర పడుతుందంటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. పండుగ మీద కాదు, మా ఇంట్లో ఉండే నూనె డబ్బా మీద.

మాది సాంచల ఇల్లు. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. బాపు లేచినప్పటి నుంచి పడుకునే దాకా వాటి దగ్గరే ఉంటాడు. ఇంట్లో కిర్రుమన్నది ఏదైనా సరే, తలుపైనా కుట్టుమిషనైనా, ఆయన నూనె డబ్బా అక్కడికి చేరాల్సిందే. అలాంటి ఇంట్లో పుట్టి నేను కరీంనగర్ డ్యామ్ నీళ్ళ మీద విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్నాను. నౌకాదళంలో చేసి రిటైరై వచ్చిన ఒక సారు అక్కడ పిల్లలకు నేర్పేవాడు. నీళ్ళ మీద తేలే పలక మీద నిలబడాలి, తెరచాపను చేతులతో తిప్పుకుంటూ గాలిని పట్టాలి. ఆ చేతులు పట్టుకునేదే బూమ్. తెరచాపకు రెండు పక్కలా వంగి చుట్టుకుని ఉండే గొట్టం. అది చేతిలోంచి జారిందంటే ఇక ఆట లేదు.

నా బూమ్‌ను నేను కొట్లాడి తెచ్చుకున్నాను. సారు షెడ్డులో పాతవి ఓ కుప్ప ఉండేవి. మగపిల్లలు మెరిసేవాటి మీద ఎగబడ్డారు. నేను ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. గొట్టం లావైతే పిడికిలి మూతపడదు, కాసేపటికి మోచేతి దాకా బిగుసుకుపోతుంది. పొడుగు చాలకపోతే లోపల ఇమిడి ఉండే వెనక గొట్టాన్ని చివరి దాకా బయటికి లాగాలి, అప్పుడు గట్టి గాలికి మధ్యలో వంగుతుంది. ఇక ముందు వైపు, తెరచాపను నిలబెట్టే స్తంభానికి బిగించే క్లిప్పు వదులైతే దాన్ని ఇంటికి తీసుకుపోయి బట్టలారేసుకోవడమే. నాకు సరిపోయింది గీతలు పడ్డ ఒక సన్నటి బూమ్. అంతవరకూ దాని మొహం చూడని ఒకడు, నేను పట్టుకోగానే అది తనదంటూ లాగాడు. నేను వదల్లేదు. ఇచ్చెయ్యి, లేకపోతే కరిచేలా ఉందని సారే వాడికి చెప్పాడు.

దాన్ని ఎలా చూసుకున్నానో నాకే తెలుసు. డ్యామ్ నీళ్ళలో ఒండ్రు ఉంటుంది. నీళ్ళలోంచి రాగానే గొట్టాలు ఊడదీసి కడిగి, నీడలో ఆరబెట్టేదాన్ని. చేతులు పట్టుకునే చోట నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది. ఎండకు అది పెళుసవుతుందని గోనె కప్పేదాన్ని. అన్నిటికంటే ముఖ్యం, దానికి నూనె తగలకూడదు. తగిలితే రబ్బరు నూనె తాగి చేతిలో నిలవదు.

ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక హైదరాబాద్‌లో, దసరా మర్నాడే పెట్టారు. ఏ మహానుభావుడికి తట్టిందో ఆ ముహూర్తం! జూనియర్లలో ఆడటానికి నాకు అదే ఆఖరి ఏడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఈసారి జట్టులోకి రాకపోతే నా ఆట డ్యామ్ గట్టు దాటదు. పలక, తెరచాప అక్కడే ఇస్తారు, బూమ్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. పండుగకు షెడ్డుకు తాళం వేస్తారని దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చాను. ఎవ్వరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరు విన్నారు గనక!

పండుగ నాడు పనిముట్లకు పూజ. నేను అవ్వతో పెద్దమ్మ వాళ్ళింటికి పోయి వచ్చేసరికి పూజ అయిపోయింది. దుప్పటి నేను కట్టినట్టే ఉంది. మర్నాడు తెల్లారకముందే బస్సెక్కాం. సాంచలు బందున్నాయి కాబట్టి బాపు కూడా వచ్చాడు. అంత పొడుగు మూట ఎక్కించొద్దన్న కండక్టర్‌తో తగువు నేనే పెట్టుకున్నాను.

హైదరాబాద్‌లో పోటీ పెట్టిన చెరువు ఒడ్డున ముడి విప్పాను. గుప్పున సాంచల వాసన వచ్చింది. రబ్బరు తొడుగు పొడవునా మిషన్ నూనె, మధ్య మధ్య కుంకుమ బొట్లు. బాపు నా పక్కనే నిలబడి, మంచిగైందా అన్నట్టు చూస్తున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి కూడా టైమ్ లేదు. టీ కొట్టులో గిన్నెలు తోమే సబ్బు అడుక్కుని తోమాను, ఇసుకతో రుద్దాను. తాగిన నూనె బయటికి వస్తుందా? నిర్వాహకుల దగ్గర ఇంకో బూమ్ ఉంది కానీ అది పెద్దవాళ్ళ లావుది, నా పిడికిలికి అందలేదు.

మొదటి పందెం ఎలాగో గట్టెక్కాను. రెండోదాంట్లో గాలి లేచింది. గాలి రావాలని దేవుళ్ళందరికీ మొక్కింది నేనే, ఆ గాలే నా కొంప ముంచింది. మలుపు దగ్గర రెండు చేతులూ ఒక్కసారే జారాయి. తెరచాప నీళ్ళలో పడింది, దాని మీద నేను పడ్డాను. లేపి పట్టుకుంటే మళ్ళీ జారింది. వెనకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే నన్ను దాటి పోయారు. జట్టు పేర్లు చదివినప్పుడు అందులో నేను లేను.

ఒడ్డు మీద నలుగురూ చూస్తుండగానే బాపు మీద విరుచుకుపడ్డాను.

"నిన్నెవరు ముట్టుకోమన్నరు? గిదేమన్న నీ సాంచనా? అంతా నాశనం జేసినవ్ గదా బాపు."

ఆయన తల దించుకున్నాడు. అదీ నాకు కోపమే. తిరిగి ఒకటంటే నేను పది అనేదాన్ని. వచ్చేటప్పుడు బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు. సిద్దిపేటలో బస్సు ఆగితే కిందికి దిగి, చాయ్ తెచ్చి కిటికీలోంచి అందించాడు. మొహం తిప్పుకున్నాను. ఇంటికి పోగానే ఆ నూనె డబ్బాను మోరీలో పారేస్తానని బస్సంతా వినేలా అన్నాను. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అప్పుడు నోరు విప్పాడు, నా వైపు చూడకుండా.

"సాంచలకు పెట్టంగ దానికి గూడ పెట్టిన బిడ్డా. నువ్వు పండుకున్నప్పుడు నీ అరచేతులు చూసిన. అన్నీ బొబ్బలే, పగిలి నెత్తురొస్తున్నది. గా గొట్టం గరుకున్నందుకే గట్లయితున్నదనుకున్న. జర నున్నగైతే నీ చేతులకు నొప్పి తక్కువైతదని పెట్టిన."

జట్టులో నా చోటు పోయింది. దాన్ని పోగొట్టిన మనిషిని బతికినంత కాలం కడుపునిండా తిట్టుకుందామనుకున్నాను. ఆ మాటతో అది కూడా నాకు దక్కకుండా చేశాడు.