గుమ్మానికి కట్టిన వేపమండ

మామిడిపళ్ళ కాలం వస్తే నాకు గుండెలో రాయి పడినట్టుంటుంది. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. క్షమించమనీ అడగను.

అప్పటికి మా ఊళ్ళు కర్నూలు నుంచి కొత్త ప్రకాశం జిల్లాలో కలిసి ఎంతో కాలం కాలేదు. దోర్నాలలో రోడ్డు పక్కన మా నాయనకు హోటలు. నేను మార్కాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే జనం హోటలుకు వస్తారు, రమ్మన్నారు నాయన. ఉగాదికీ వస్తారు, మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళి పిండి రుబ్బాను. కాలేజీలో ప్రాక్టికల్స్ తప్పిపోయాయి. ఎండాకాలం సెలవుల్లో లాబ్ తెరుస్తామని, ఆ క్లాసులకు వచ్చినవాళ్ళనే పరీక్షకు కూర్చోనిస్తామని కెమిస్ట్రీ సారు చెప్పారు.

సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి కబురు. గిద్దలూరు నుంచి పెళ్ళివాళ్ళు చూడడానికి వస్తున్నారు, కుదిరితే ఈ ముహూర్తాల్లోనే పెళ్ళి. వెళితే నా చదువు అక్కడితో సరి. నాయన వద్దంటే వినే మనిషి కాదు. వినే మనిషైతే నేను అబద్ధం ఆడేదాన్ని కాదా? ఏమో, అప్పుడూ ఆడేదాన్నేమో.

నాకు ఆటలమ్మ పోసిందని బస్సు కండక్టరుతో చెప్పి పంపాను. నాతోపాటు గదిలో ఉండే ఖైరున్ చేత గుమ్మానికి వేపమండ కట్టించాను. అమ్మవారు పోసిన పిల్లకు తలంటు నీళ్ళు పోసేదాకా ఇల్లు కదిలించరు, పెళ్ళిచూపుల మాటే ఎత్తరు. అమ్మ కూడా రాదులే అనుకున్నాను. ఇంట్లో అక్క బాలింత. అమ్మవారున్న ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు పసిబిడ్డను తాకకూడదు.

అయినా అమ్మ వచ్చింది. ఒక మధ్యాహ్నం లాబ్ నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, కిటికీలోంచి చూస్తే వీధికి అవతల నిలబడి ఉంది. దుప్పటి ముసుగేసుకుని కిటికీ పక్కన మంచం మీద పడిపోయాను. అమ్మ వీధి దాటలేదు. ఎట్లున్నావని అడగలేదు. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఆ దండం నాకు కాదు, నా ఒంట్లో ఉందనుకున్న తల్లికి.

"తల్లీ, నా బిడ్డను సల్లంగ చూడు. మొగం మీద ఒక్క మచ్చ పడనీకు. బతికినన్నాళ్ళు మామిడిపండు ముట్టను," అంది.

"ఎండెక్కుతాంది, నువ్వు పో మా," అన్నాను ముసుగులోంచి.

మామిడిపండంటే అమ్మకు ప్రాణం. టెంక తెల్లబడేదాకా వదిలేది కాదు.

నేను క్లాసులన్నీ చేశాను. నా తోటివాళ్ళతోనే పాసయ్యాను. గిద్దలూరువాళ్ళు వేరే పిల్లను చేసుకున్నారు. ఆ డిగ్రీతోనే టీచరునయ్యాను, నా కాళ్ళ మీద నేను బతికాను. అమ్మ మాత్రం ప్రతి ఎండాకాలం మనవళ్ళకు పళ్ళు కోసిపెట్టి, వేళ్ళకంటిన రసం నీళ్ళతో కడుక్కునేది. వచ్చినవాళ్ళకు నా గడ్డం పట్టుకుని చూపించి, "ఒక్క మచ్చన్నా ఉందా, చూడండి," అని మురిసిపోయేది. నేను ముఖం చూపించేదాన్ని.

ఎందుకు చెప్పలేదు? నాయనకు భయపడి కాదు, ఆయన ఎప్పుడో పోయారు. చెబితే ఆ రోజు వీధిలో నిలబడి ఎవరికి దండం పెట్టిందో అమ్మకు తెలిసిపోతుంది. అది నేను భరించలేననిపించేది.

కానీ ఒక మాట. ఆ ఎండాకాలం మళ్ళీ వస్తే మళ్ళీ వేపమండ కడతాను. నా చదువును నేనే దొంగతనంగా తెచ్చుకోవలసిన గతి నేను కల్పించుకున్నది కాదు. ఆ క్లాసులకు నాకు సిగ్గు లేదు, ఎవరేమనుకున్నా సరే. అమ్మ తినని పళ్ళకే సిగ్గు.

అమ్మ చివరి రోజుల్లో ఏది అడిగితే అది పెట్టమన్నాడు డాక్టరు. అమ్మ ఏదీ అడగలేదు. నేనే ఒక మామిడిపండు ముక్క కోసి నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించి తల తిప్పేసుకుంది. అప్పుడైనా నోరు విప్పలేదు నేను.

ఇప్పుడు విప్పుతున్నాను. నాకు ఏ అమ్మవారూ పోయలేదు. ఆ మధ్యాహ్నం ముసుగు కింద నా ముఖం మీద ఉన్నది చెమట, అంతే.