ఇద్దరం పంచుకున్న మాత్రలు

ఆ రోజు మా అక్క చేప కోస్తూ కోస్తూ కత్తిపీట ముందు నుంచి లేవలేకపోయింది. అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య నాగమణి. పద్దెనిమిదేళ్లుగా మేమిద్దరం పాలకొల్లు మార్కెట్లో పక్కపక్కనే కూర్చుని చేపలు అమ్మేవాళ్లం. అంత ఎండలోనూ వణుకుతోంది. "నడుం పట్టేసిందే సత్యా, కాస్త ఈ బేరం చూడు" అంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

అంతకుముందు సంగతి చెప్పాలి. మార్కెట్లో మాకు బాత్‌రూమ్ లేదు. అందుకని పొద్దున్న బయల్దేరాక ఇద్దరం నీళ్లు తాగేవాళ్లం కాదు. తరచూ మూత్రంలో మంట వచ్చేది. ఒకసారి డాక్టరుగారు నాకు ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాశారు. రెండు రోజులకే తగ్గడంతో మిగిలినవి దాచాను. తర్వాత అక్కకి మంట వస్తే నేనే ఇచ్చాను. "సగం చాల్లే, రేపు నీకూ కావాలిగా" అని విరిచి, సగం నా చేతిలోనే పెట్టింది.

అలా మొదలైంది. అయిపోతే మందుల షాపులో ఖాళీ అట్ట చూపించి ఇంకోటి తెచ్చుకునేవాళ్లం. మంట వస్తే సగం మాత్ర, తగ్గితే మానెయ్యడం. మూడేళ్లు అలాగే గడిచాయి. పోనుపోను సగానికి తగ్గేది కాదు. చివరికి ఒకటి వేసుకున్నా తగ్గలేదు. షాపు వాడు నాసిరకం మందు ఇస్తున్నాడని తిట్టుకున్నాం.

ఆ రోజు అక్కను నేనూ బావగారూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి యూరిన్ కల్చర్ పరీక్షకి పంపి, సెలైన్‌లో యాంటీబయాటిక్ పెట్టారు. మర్నాటికి బీపీ పడిపోయింది. రాజమండ్రి తీసుకెళ్లమన్నారు. అక్కడ ఐసీయూలో "సెప్సిస్" అన్నారు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఒళ్లంతా దెబ్బతీస్తోందట.

మూడో రోజు కల్చర్ రిపోర్ట్ వచ్చింది. మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్' అనే అక్షరం.

"ఆర్ అంటే రెసిస్టెంట్ అమ్మా. ఇవేవీ ఈవిడకి పనిచెయ్యవు. ఇంతకుముందు ఏం వాడారు?" అని అడిగారు డాక్టరుగారు.

సగం మాత్రల సంగతి చెప్పాను.

"కొంచెం మందుకి బలం లేని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తట్టుకున్నది బతికి, అదే పెరుగుతుంది. మీరు మూడేళ్లు ఆ పనే చేశారు."

"ప్రతిసారీ మంట తగ్గిందండి."

"తగ్గుతుందమ్మా. చాలావరకు చచ్చాయి కదా. మిగిలినవే ఇవి."

మందు మార్చారు. ఐదో రోజు అక్క కళ్లు తెరిచింది. నన్ను లోపలికి పంపారు. "నీకూ మంటన్నావుగా, తగ్గిందా?" అని అడిగింది. గొంతు సరిగా రావడం లేదు.

"నాకేం లేదక్కా" అని అబద్ధం చెప్పాను.

"బియ్యం డబ్బా పక్కన ఇంకా రెండున్నాయి. నువ్వే వేసుకో. నాకిక్కడ ఇస్తున్నారుగా."

అదే ఆఖరి మాట. కిడ్నీలు ఆగిపోయాయి. డయాలసిస్ పెట్టినా నిలవలేదు. ఏడో రోజు మధ్యాహ్నం పోయింది.

దినకార్యాలయ్యాక బావగారే నన్ను పరీక్షకు తీసుకెళ్లారు. నాదీ అలాంటి రిపోర్టే. ఇన్ఫెక్షన్ ఇంకా కిడ్నీల దాకా పాకలేదు కాబట్టి రోజూ వెళ్లి ఇంజెక్షన్ చేయించుకుంటే సరిపోతుందన్నారు. ఇంజెక్షన్లు మొదలైన నాలుగో రోజు జ్వరం వస్తే ఇక నా వంతనుకున్నాను. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, "నేనిచ్చిన మాత్రలే బావగారూ" అని ఏడ్చేశాను. ఆయన "ఆవిడా నీకిచ్చిందిగా అమ్మా" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. ఈ రోజుకీ అనలేదు.

నాకు తగ్గింది. ఇప్పుడు నీళ్ల సీసా వెంట తీసుకెళ్తున్నాను. మార్కెట్ వెనక ఒకావిడ వాళ్లింటి బాత్‌రూమ్ వాడుకోనిస్తోంది. అక్క చోటులో వేరే ఆవిడ కూర్చుంటోంది. మంచి మనిషి. అయినా ఇంతవరకు అటు తిరిగి మాట్లాడలేకపోయాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ వాళ్లకి జ్వరమో మంటో వస్తే మీ దగ్గర మిగిలిన మాత్రలు ఇవ్వకండి. వాళ్ల వెంట ఆసుపత్రికి వెళ్లండి. ఒక్క పూట బేరం పోతే పోయింది. అక్కకి మొదటిసారి మంట వచ్చిన పూట నేను వెళ్లలేదు.