కోడి 3164

2013 జూలై 9, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి కాప్రా నుంచి కరుణమ్మగారి కారు మా వర్క్‌షాప్‌కు వచ్చింది. అప్పుడు నేను మారేడ్‌పల్లిలో ఒక కార్ల సర్వీసు కేంద్రంలో సర్వీస్ అడ్వైజర్‌ని. కస్టమర్ చెప్పిన లోపాన్ని జాబ్ కార్డులో రాసి, పని అప్పగించి, పూర్తయ్యాక సంతకం పెట్టడం నా బాధ్యత.

స్టీరియో పలకడం లేదు, లోపలి డిస్క్ బయటకు రావడం లేదు. అందులో ఆమె భర్త చర్చి క్వయర్‌తో పాడిన పద్దెనిమిది పాటలున్నాయి. మరో కాపీ లేదు. ఆయన పోయి ఏడాది నిండుతోంది. ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో అవి వినిపించాలి.

మా సీనియర్ ఎలక్ట్రీషియన్ యాదగిరి బయట బ్రేక్‌డౌన్ పనిమీద ఉన్నాడు. నేను ఆగలేదు. సన్నని ప్లాస్టిక్ పట్టీతో డిస్క్‌ను లాగి చూశాను. రాలేదు.

యాదగిరి వస్తూనే పట్టీ తీయించాడు. మీటరు పెట్టి ఫ్యూజు, ఎర్తు, బ్యాటరీ వోల్టేజీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"బ్యాటరీ గిట్ల మార్పిచ్చిండ్రా అమ్మా?"

పోయిన వారమే మార్పించానని ఆమె చెప్పింది. కొన్ని స్టీరియోలు కరెంటు తెగితే దొంగతనమనుకుని తాళం వేసుకుంటాయి. నాలుగంకెల కోడ్ కొట్టందే పాటా రాదు, డిస్కూ రాదు. బ్యాటరీ దుకాణంవాళ్లు అప్పటికే తొమ్మిదిసార్లు తోచిన అంకెలు కొట్టారట. ఆ రకంలో పదోసారీ తప్పితే శాశ్వతంగా మూతే. తయారుచేసిన కంపెనీ మూతపడింది, అడిగే చోటు లేదు. ఇక పెట్టె కోయాలి. కోస్తే డిస్క్ మిగులుతుందన్న హామీ లేదు.

డ్యాష్‌బోర్డు అరలో ఆమె భర్త రాసుకున్న కారు లెక్కల పుస్తకం దొరికింది. ప్రతి పేజీ నేనే చదివాను. చివరి పేజీలో "కోడి 3164" అని ఉంది. ఇంటి ఖర్చని పక్కన పెట్టి, జాబ్ కార్డులో "పెట్టె కోయుట" అని రాశాను. సంతకానికి కార్డు చాపుతూ ఆ కోడి సంగతీ చెప్పాను.

"ఆయన కోడి ముట్టేవారే కాదండీ!" అంది కరుణమ్మ.

"మూడు వేల నూట అర్వై నాలుగా? గంత పిరం కోడి ఏ బజార్ల దొరుకుతది మేడం?" అని నన్నడుగుతూ యాదగిరి పుస్తకం అందుకున్నాడు. నవ్వుతూనే వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. ఒకచోట నవ్వు ఆపి నాకు చూపించాడు.

"సారు పెట్రోల్‌ను సుత పెట్రోలి అనే రాసిండు, చూడుండ్రి."

ప్రతి పేజీలోనూ అంతే. ఆయన పెట్టే పొల్లు మెలితిరిగి గుడిలా కనిపిస్తుంది. అది కోడి కాదు, కోడ్.

యాదగిరి తాను నొక్కలేదు. "మీరే కొట్టుండ్రి అమ్మా, సారు మీకే రాసిపెట్టిండు" అన్నాడు. ఒంటిగంటా ఐదుకు డిస్క్ బయటకు వచ్చింది.

తుడిచి మళ్లీ పెట్టి అన్నీ విన్నాం. డిస్క్ లోపలి నుంచి అంచువైపు పాడుతుంది; నా పట్టీ తగిలింది అంచుకు. పద్దెనిమిదో పాట మధ్యలో తడబడి ఆగింది. నావల్లేనని చెప్పాను.

"ఆ చరణం నాకొచ్చండీ" అంది కరుణమ్మ.

మీటరు నాకూ చదవడం వచ్చు. కస్టమర్ చేతిరాత కూడా పరీక్షించాల్సిన వాటిలో ఒకటని యాదగిరి దగ్గరే నేర్చుకున్నాను.

పోయినవి: కరెంటు తెగి స్టీరియో రేడియోలో చెరిగిన ఆరు స్టేషన్లు, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు, ఆఖరి పాటలో ఆఖరి చరణం.