నవ్వని మొహం

మొన్న ఐర్లండ్‌లో మేముండే ఆడమ్స్‌టౌన్ కాలనీ వాట్సాప్ గ్రూపులో, ఈ వారం కూడా చెత్త బిన్నులు తీసుకెళ్లలేదని ఎవరో వాపోతే, ఒక మలయాళీ ఆవిడ జవాబుగా స్టిక్కర్ పెట్టింది. మూసిన తలుపు ముందు చెప్పులు చేతబట్టుకుని, బిక్కమొహం వేసుకుని నిలబడ్డ బట్టతల మనిషి. గ్రూపంతా నవ్వే బొమ్మలు కురిపించారు. నేను ఫోను బోర్లా పెట్టేశాను. ఆ బట్టతల మనిషి మా పక్కింటి నర్సమ్మాయి తండ్రి. ఆయన పోయి రెండేళ్లయింది.

భార్యతో కలిసి కూతురి దగ్గరికి వచ్చిన కొత్తలో, ఆయన మలయాళ సినిమాల్లో పేరున్న హాస్యనటుడని నాకు తెలియదు. పక్కనే ఉన్న లూకన్ ఊళ్లో ఇండియన్ కొట్లో ఆయన కొబ్బరినూనె అడిగినా పక్కనున్న మలయాళీలు నవ్వుతుంటే, ఇదేం మర్యాదరా బాబూ అనుకునేదాన్ని. మద్రాసు స్టూడియోల్లో తిరిగిన రోజుల్లో ఒక మేకప్‌మన్ దగ్గర తెలుగు నేర్చుకున్నారట. ఆ అరవ యాస తెలుగులోనే, మా వంటింట్లో టీ తాగుతూ తన ముప్పై ఏళ్ల నటనంతా నాకు చెప్పారు. దాదాపు అన్ని సినిమాల్లోనూ ఒకటే వేషం: తాగి ఇంటికొస్తే పెళ్లాం తలుపు తీయని మొగుడు. డైరెక్టరు ఓకే అన్నా, పైన లైటు పట్టుకున్నవాడు నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకుంటేనే ఆయనకు తృప్తి. లేకపోతే ఇంకో టేకు అడిగేవారట. ఒకే ఒక్కసారి, కొడుకు శవం కోసం స్టేషన్లో ఎదురుచూసే తండ్రి వేషం బతిమాలి తీసుకున్నారు. తెర మీద ఆయన కనబడగానే హాలంతా నవ్వింది. వారం తిరక్కుండా ఆ సీను కోసేశారు. "అందులో నేను నిజంగా ఏడ్చానమ్మా," అన్నారు, కప్పు కడిగి అలమరాలో పెడుతూ.

ఆ చలికాలంలోనే ఆయన భార్య, ఆంటీ, పోయారు. నలభై ఒకటో రోజు ప్రార్థన అయ్యాక చర్చి పక్క హాల్లో ఆయన ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ముందురోజు సాయంత్రం చేతిలో కాగితంతో మా ఇంటికొచ్చారు. రాసుకున్నదంతా నాకోసం తెలుగులో చదివారు. "ఇక నేను ఇంటికొస్తే తలుపు తీసే మనిషి లేదు" అన్న వాక్యం దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మొహంలో పెద్ద భారం దిగినట్టయింది. "నువ్వు నా సినిమా ఒక్కటీ చూడలేదు కదా, అందుకే నీ దగ్గరికొచ్చాను. రేపు ముందు వరసలో కూర్చో అమ్మా. నవ్వని మొహం ఒక్కటి కనబడితే చాలు, చివరిదాకా చెప్పేస్తాను."

కూర్చున్నాను. ఆయన మలయాళంలో మాట్లాడుతున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఐదు నిమిషాలు హాలంతా నిశ్శబ్దం. ఆయన ఏదో అని ఆగారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే హాలంతా ఘొల్లుమంది. నాకో పాడు అలవాటుంది. భాష తెలియనిచోట నలుగురూ నవ్వితే నేనూ నవ్వేస్తాను. ఆఫీసులో ఐరిష్ వాళ్ల జోకుల దగ్గర ఇరవై ఏళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాను. ఆ రోజూ నవ్వాను, పళ్లన్నీ కనబడేలా. ఆయన నన్నే చూస్తున్నారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. గాల్లోనే తలుపు కొట్టినట్టు నటించి, బిక్కమొహం వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దిగి వచ్చేశారు. ఆయన ఆగింది ఏ వాక్యం దగ్గరో, కప్పులు సర్దుతూ వాళ్లమ్మాయి చెబితే అప్పుడు తెలిసింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వెళ్లి, "అర్థం కాక నవ్వాను అంకుల్, నన్ను క్షమించండి," అన్నాను. ఆయన కోప్పడలేదు. కిటికీలోంచి వాన చూస్తూ, "ఇన్నేళ్లూ వాళ్లు కూడా అలాగే నవ్వారేమో అమ్మా," అన్నారు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆయన గొంతు మరిచిపోతున్నాను గానీ, ఆ రోజు నేను నవ్విన నవ్వు మాత్రం నాకింకా వినిపిస్తూనే ఉంది.