పడవను కుండలా కొట్టి చూసిన రోజు

నాకు నీళ్ళంటే భయం. చెరువులో పెడల్ బోటు ఎక్కినా, గట్టున ఎవరున్నారో, వాళ్ళకి ఈత వచ్చో రాదో చూసుకునే మనిషిని. అలాంటి నాకు దేవుడు తెరచాప పడవ మీద సముద్రం తిరగాలనే మొగుణ్ణి ఇచ్చాడు. అదీ బెంగళూరులో, సముద్రపు గాలి కూడా తగలని ఊళ్ళో.

మా ఆయన మూడేళ్ళ పాటు సెలవు దొరికితే చాలు, తీరానికి పోయి పడవ నడపడం నేర్చుకున్నాడు. వెంట మా అమ్మాయి కూడా. మంగళూరు నుంచి గోవా దాకా ఇద్దరూ పడవలోనే వండుకు తింటూ, పడవలోనే పడుకుంటూ వెళ్ళాలని పథకం. అంతలో పాత పడవ ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని యజమాని ఇక్కడివాడే. రంగు వేయించడానికి లారీ మీద తెప్పించి, హెబ్బగోడి దగ్గర ఫైబర్ ట్యాంకులు చేసే ఒక షెడ్డులో పెట్టించాడు.

కొనేముందు చూడాల్సినవన్నీ మా ఆయన ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. పాలు తీసినప్పుడల్లా చదివేదాన్ని. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగల్లో ఒక్క పోగైనా తెగిందేమో చూడాలి అని ఉండేది. స్తంభం విరిగి మా అమ్మాయి మీద పడుతున్నట్టే కనిపించేది నాకు. అడుగున నీళ్ళు వచ్చిపోయే వాల్వులన్నీ సరిగ్గా మూసుకుంటున్నాయేమో చూడాలి అని ఇంకోటి. పడవ అడుగుకి కావాలనే బొక్కలు పెడతారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున ముగ్గురం షెడ్డుకి వెళ్ళాం. నీళ్ళ ట్యాంకుల మధ్య, ఇనుప దిమ్మెల మీద నిలబెట్టి ఉంది పడవ. కొత్త తెల్లరంగుతో ధగధగలాడుతోంది. స్తంభాన్ని దించి పక్కన పడుకోబెట్టారు. మా ఆయన తీగల వెంట దూది రాసుకుంటూ పోయాడు. పోగు తెగి ఉంటే దూది చిక్కుకుంటుందట. ఎక్కడా చిక్కుకోలేదు. ఒక్క పోగు తెగి ఉన్నా ఈ బేరం తప్పేదని నాకు ఏడుపొచ్చింది. తర్వాత చిన్న ప్లాస్టిక్ సుత్తి తీసి పడవ అడుగంతా కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మా అమ్మ మాలూరు సంతలో కుండలు అమ్మేది. ఒక్కో కుండనీ వేలి కణుపుతో కొట్టి చూసే పని నాది. కంటికి దొరకని బీట చెవికి దొరుకుతుంది. బీటున్న కుండ బాగుందన్నా, బాగున్న కుండకి బీటుందన్నా మా అమ్మ నెత్తిన మొట్టేది.

"ఆడ మళ్ళా కొట్టు," అన్నాను.

పడవ బోల్తా పడకుండా అడుగున బరువైన రెక్క ఒకటి ఉంటుంది. దానికి సరిగ్గా వెనక, అరచేతంత మేర, టక్కుమనాల్సింది దబ్బుమంటోంది.

"అంతా ఒకటే మాదిరి ఉండాది," అన్నాడు మా ఆయన.

"అమ్మకి పడవంతా అట్లే వినిపిస్తాదిలే నాన్నా," అని నవ్వింది మా అమ్మాయి.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాటలో నిజం లేకపోలేదు. వినిపిస్తున్నది పడవా, నా భయమా? నాకే తెలియలేదు.

"నేను గోడ వైపు తిరుక్కుంటా. నీకు ఇష్టమొచ్చిన చోట కొట్టు," అన్నాను. కళ్ళు కూడా మూసుకున్నాను. అక్కడా ఇక్కడా కొట్టుకుంటూ పోయాడు. మూడుసార్లు "ఇదే" అన్నాను. మూడుసార్లూ అదే చోటు.

మా అమ్మాయి నవ్వు ఆగిపోయింది. పక్కనే నిలబడి చూస్తున్న యజమాని ముఖం చిన్నదైంది. "ఎప్పుడో ఇసకకి తగిలుంటాది మేడమ్," అన్నాడు. అక్కడ రంగు గీకిస్తే, వెంట్రుకంత సన్నటి బీట బయటపడింది.

పీడ వదిలిందనుకున్నాను. మనసులో కొబ్బరికాయలు కూడా కొట్టేశాను. కారెక్కాక మా ఆయన అన్నాడు: "ఆయప్ప బాగు చేయిస్తా అన్నాడు. అయినాంక నువ్వే వచ్చి కొట్టి చూడు. నువ్వు బాగుండాది అంటేనే కొనేది."

ఆ రోజు దాకా నాది ఉత్త భయం. దాని మాట ఎవరూ వినేవాళ్ళు కాదు, కాబట్టి దానికి బాధ్యతా లేదు. ఇప్పుడు వాళ్ళిద్దరినీ సముద్రం మీదకి పంపాల్సింది నా నోరే.

రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాం. చెడిన భాగమంతా కోసేసి, ఆరబెట్టి, కొత్త ఫైబర్ పొరలు వేశారట. సుత్తి వద్దన్నాను. వేలి కణుపుతో కొట్టాను. టక్. పక్కన కొట్టాను. టక్. దబ్బుమనే చోటు దొరక్కపోతుందా అని పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాను. మూడోసారి కూడా తిరిగాను. వేలు వాచింది కానీ అలాంటి చోటు దొరకలేదు. ఇంకా దబ్బుమంటోందని ఒక్క అబద్ధం చాలు. ఈసారి ఎవరూ నవ్వరు, నమ్ముతారు.

"ఎట్లుండాది మా?" అంది మా అమ్మాయి. నా మాట కోసం ఆ పిల్ల అలా ఊపిరి బిగబట్టుకుని నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"బాగుండాది," అన్నాను.

ఇద్దరూ ఎగిరి గంతేశారు. నేను మాత్రం పడవ మీంచి చెయ్యి తీయలేదు. వాచిన వేలితోనే ఇంకోసారి కొట్టి చూశాను.