యెల్లమ్మ అడిగిన బిళ్ళ

1968. తార్నాక దగ్గరి విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్ర విభాగపు ఐసోటోప్ ల్యాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. రేడియేషన్ వెదజల్లే పదార్థాలను సీసపు పెట్టెల్లో దాచే గదిని సోర్స్ రూమ్ అనేవాళ్ళం. అందులోకి వెళ్ళే మగవాళ్ళంతా చొక్కాకు ఫిల్మ్ బ్యాడ్జి తగిలించుకునేవారు. దాని లోపలి ఫిల్మ్ ఎంత నల్లబడితే ఒంటికి అంత రేడియేషన్ తగిలినట్టు. నాకు బ్యాడ్జి లేదు, గదిలోకి ప్రవేశమూ లేదు.

"రేపు పెళ్ళి కావాలి, పిల్లలు పుట్టాలి. నీ మంచికేనమ్మా," అనేవారు హెడ్ సారు.

నా మంచట! ఎమ్మెస్సీలో ఈ సబ్జెక్టే చదివి, గది బయట స్టూలు మీద కూర్చుని, నాతోపాటే చేరిన రాఘవులు లోపలి నుంచి అరిచే రీడింగులకు లెక్కలు కట్టేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

అదే గదిని రోజూ పొద్దున్నే యెల్లమ్మ తడిగుడ్డతో తుడిచేది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చేది, రోజుకూలీ. ఒకరోజు నన్ను అడిగింది.

"అమ్మా, సార్లందరు గా బిళ్ళ ఎందుకు పెట్టుకుంటరు?"

చెప్పాను. చేతిలో గుడ్డ బకెట్లో పడేసింది.

"మరి నాకేది? నాది పానం కాదా?"

ఇద్దరం కలిసి హెడ్ సారు దగ్గరికి వెళ్ళాం.

"సార్, ఆ గది ఆడవాళ్ళకు ప్రమాదమైతే యెల్లమ్మ ఎలా వెళ్తోంది? కాకపోతే నేనెందుకు వెళ్ళకూడదు? ఇద్దరికీ బ్యాడ్జీలు ఇప్పించండి," అన్నాను.

"ఆమె స్టాఫ్ కాదు కదమ్మా."

"ఆడిదాన్నయితే అవును గద సారూ," అంది యెల్లమ్మ.

ఆయన నవ్వారు. ఆలోచిస్తానన్నారు. ఆ సాయంత్రం తార్నాక దాకా మాట్లాడుకుంటూ నడిచాం. "సారు మంచోడే అమ్మా. బిళ్ళ రానీ, మా ఇంటాయనకు సూపిస్త," అని యెల్లమ్మ ఒకటే సంబరపడింది.

సోమవారం వెళ్ళేసరికి సోర్స్ రూమ్ ఎవరో మగమనిషి తుడుస్తున్నాడు. చొక్కాకు కొత్త బ్యాడ్జి ఉంది.

"నువ్వన్నది న్యాయమే," అన్నారు హెడ్ సారు. "ఆడవాళ్ళందరికీ ఒకటే రూలు ఉండాలి. ఇకమీదట ఎవరూ ఆ గదిలోకి వెళ్ళరు."

"మరి యెల్లమ్మ సంగతి?"

"ఆమెకిక్కడ ఇంకేం పని ఉందమ్మా?"

ఎంత అరిచి పోట్లాడినా ఆయన మాట మార్చలేదు. నేను మళ్ళీ స్టూలెక్కాను.

కొన్నాళ్ళకు తార్నాకలో ఎవరిదో ఇల్లు కడుతుంటే యెల్లమ్మ కనిపించింది. నెత్తిన కంకర తట్ట. నన్ను చూసి ఆగింది.

"బిళ్ళ అడిగితే కొలువే తీసిండ్రు. గీడ పొద్దంత రాళ్ళు మోస్తున్నమ్మా. 'నువ్వు ఆడిదానివి, వద్దు' అని ఒక్కడంటలేడు."

తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఎవరైనా పెద్దమనిషి ఆడవాళ్ళ మంచి కోరి మాట్లాడటం మొదలుపెడితే, ఈసారి ఎవరి పని ఊడుతుందోనని చుట్టూ చూసేదాన్ని.