మా కళ్లం పక్క భూకంపం

మా సైన్సు మాస్టారు పోయారు. కబురు చెబితే ఊళ్లో సగం మంది, "ఎవరు, భూకంపాల మాస్టారా?" అన్నారు. ఆ పేరు పెట్టింది నేనే. పదో తరగతి గట్టెక్కనివాణ్ణే గానీ పేర్లు పెట్టడంలో ఫస్టు క్లాసు.

రిటైరయ్యాక ఆయన వాకిట్లో, మా మిరప కళ్లం గోడ పక్కన గొయ్యి తీసి, నేల అదురు పట్టే చిన్న పరికరం పాతారు. తీగ లోపల లాప్‌టాప్‌కి. భూమి అదురు మరీ నిదానమట, మన చెవికి ఆనదట. ఎన్నో రెట్లు వేగం పెంచితే పలుకుతుందట. అందుకోసం నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసుకున్నారు. ఎక్కడో సముద్రాల అవతలి భూకంపాన్ని నెట్‌లోంచి దింపి వినిపించారు. ముందు చిటపట, ఆనక బీరువా ఈడ్చినట్టు గుర్రుమనడం.

"గురకలా ఉందండీ" అన్నాను వెటకారంగా.

ఆయన మళ్లీ వేసుకుని విని, "నిజమేరా. ఎందుకలా ఉంటుందంటావ్?" అని నన్నే అడిగారు. ఆయనతో అదే చిక్కు, వెటకారం కూడా ప్రశ్నైపోయేది.

ఆయన కోరికల్లా ఒక్కటే. సొంత వాకిటి నేల నోట ఒక్క భూకంపం వినాలి. పరికరంలో పడేవన్నీ క్వారీ పేలుళ్లే.

ఒక వేసవి సాయంత్రం గోడ మీంచి పిలిచారు. మొహం వెలిగిపోతోంది. మధ్యాహ్నం రికార్డంతా తుమ్మెద రొదలా ఒకటే శ్రుతి. ఇలాంటిది ఎప్పుడూ వినలేదన్నారు. నాకు నవ్వాగలేదు. ఆ మధ్యాహ్నమంతా మా కళ్లంలో కూలీలు గోతం సంచుల్లోకి దిగి మిరపకాయలు తొక్కారు. కాయ ఇమడాలంటే ఒకే లయలో తొక్కాలి మరి. ఆ అడుగులే వేగం పెంచేసరికి రొదయ్యాయి. సంగతి చెబితే గోడ మీంచి మా కళ్లంలోకి తొంగి చూశారు.

"మరి చివర్లో శ్రుతి ఎందుకు దిగిందిరా?"

"కాళ్లు పీకాయండి."

"చూశావా, కాళ్లు పీకడం కూడా నేలకి తెలుస్తుంది."

అప్పట్నుంచి కావాలని గొయ్యి పక్కన గెంతి వచ్చేవాణ్ణి. మర్నాడు పట్టేసేవారు. "నువ్వేరా వెధవా, ఎడమ కాలు బరువుగా వేస్తావ్."

మొన్న పాడె ఎత్తి వాకిట్లోంచి నడుస్తుంటే, గొయ్యి దగ్గర తోటి మోసేవాళ్లతో మెల్లగా అన్నాను. "ఒరేయ్, ఇక్కడ కాస్త గట్టిగా తొక్కండి." నలుగురం ఒకే లయలో తొక్కుకుంటూ దాటాం.

పెద్దకర్మ అయ్యాక మాస్టారి భార్య లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన చూపించినట్టే నొక్కి, పాడె ఎత్తిన రోజు రికార్డు వేశాను. ఒక తుమ్మెద ఝుమ్మని చెవి దగ్గరకొచ్చి, అలాగే దూరమైపోయింది.

"ఏంటి నాయనా అది?"

"భూకంపమేనండి. మన వాకిట్లోదే, చిన్నది."

ఆవిడ నా కాళ్ల వంక చూశారు. "మళ్లీ వెయ్యి" అన్నారు.